పి ఓ టి యు

ఉదయం ఆరు పదికి, గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర పల్లంరాజు పడవ తిరగబడింది, తోడు వెళ్లిన అమ్మిరాజు ఈదుకుంటూ ఒడ్డెక్కాడు, పల్లంరాజు ఎక్కలేదు, ఇప్పుడు ఎనిమిదిన్నర, జాలర్ల సంఘం యాప్ చేసింది నేను కాబట్టి రేవులో ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను, పోటు హెచ్చరిక నాలుగున్నరకే అందరి ఫోన్లకూ చేరింది, ఎవరికీ కనపడలేదు, మొగలో అలలు లేచే రోజు స్క్రీన్ మీద ఎర్ర పెట్టె రావాలి, అది లేకపోతే దాటొచ్చని రెండేళ్ల కిందట ఇదే రేవులో మైకు పట్టుకుని చెప్పాను,

నాతో పనిచేసిన ఆశాజ్యోతి అప్పుడే అంది, కిరణ్ గారూ, స్క్రీన్ మీద ఏ పెట్టె ఎలా కనపడాలో చెప్పే స్టైల్ దాని దగ్గరే ఉంచుదామండి, అన్నీ ఒకే ఫైల్లో పోస్తే ఒకదానికి చెప్పింది ఇంకోటి వింటుంది, ఇద్దరం చేసే యాప్‌లో పెట్టెకో బీరువా ఎందుకండీ, పట్టుచీరలా అన్నాను, బీరువా కాదండి, తలుపు, అంది, వినలేదు, ఆవిడ ఉద్యోగం మారి కాకినాడ వెళ్లింది, ఫైలు ఒక్కటే, నాలుగు వేల వరసలు, పోటు పెట్టెకు ఆవిడ ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టిన పేరు పి ఓ టి యు, నిన్న సాయంత్రం పీతల వ్యాపారి పాపాయి ఫోన్ చేసి, పోతు పీతలు కొనట్లేదు బాబూ, యాప్‌లో ఆ ధర తీసెయ్యండి, పీతల్ని తినమంటే నన్ను తింటున్నారు అన్నాడు, పోతు అంటే మగది, ధరల పట్టికలో దానికి నేను పెట్టిన పేరూ పి ఓ టి యు, మా అమ్మ రత్నమ్మ పేరులోలాగే త కి హెచ్ లేకుండా టి ఒక్కటే రాసే అలవాటు, పి ఓ టి యు కనపడకూడదు అని ఒక వరస రాశాను, పీత ధర పోయింది, చూసుకున్నాను, నిన్న పోటు హెచ్చరిక లేదు, అదీ పోయిందని తెలియలేదు,

వరస చెరిపేశాను, ఎనిమిది ముప్ఫై నాలుగు, ఇక సిగ్నల్ అందలేదనుకుంటారు, అమ్మిరాజు దుప్పటి కప్పుకుని వణుకుతూ అదే అంటున్నాడు, మొగ కాడ టవర్ ఎప్పుడు పనిచేసిందిలెండి, పల్లంరాజు భార్య మరిడమ్మ తన ఫోన్ నా ముందు పెట్టింది, ఇప్పుడొచ్చింది చూడండి బాబూ ఎర్రగా, తెల్లారగట్ల మా ఆయన రెండుసార్లు చూసుకున్నాడు, ఏం లేదే మరిడీ అనే వెళ్లాడు, టవర్ లేదంటున్నారు, అంతేనా బాబూ, అంతే అనొచ్చు, రెండక్షరాలు, రెండుసార్లు చూసుకున్నాడు, పల్లంరాజు చూడకుండా వెళ్లలేదు, చూసి వెళ్లాడు, నేను చూపించింది చూసి వెళ్లాడు.

తొమ్మిది ఐదుకు వెతకడానికి వెళ్లిన పడవ పల్లంరాజు శవంతో తిరిగొచ్చింది. తొమ్మిది పన్నెండుకు నేను మరిడమ్మతో, టవర్ ఉందండి, హెచ్చరిక వచ్చింది, దాన్ని కనపడకుండా చేసింది నేను, అని చెప్పాను.