రంగు వేయని చుక్క

పుట్టి నెల తిరిగిన బిడ్డనెత్తుకుని కూతురు వచ్చే ఆదివారం వస్తోందని తెలియగానే ఆయన చేసిన మొదటి పని, చెత్తబండి అతనికి కబురు పెట్టడం. రేపు పొద్దున్నే వచ్చి పెరట్లో డ్రమ్ము పట్టుకుపొమ్మని.

ఆ మాట వినగానే ఆయన భార్య గుండెల్లో రాయి పడింది. ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీలు పారబోసిన ఇటుక ముక్కలు తప్ప ఆ పెరట్లో మట్టన్నదే ఉండేది కాదు. గడ్డి కూడా మొహం చాటేసేది. కూరగాయల తొక్కలూ, టీ పిప్పీ, ఎండుటాకులూ ఆ డ్రమ్ములో మాగబెట్టి, బుట్టలకెత్తి పోసి పోసి ఆవిడ అక్కడ మట్టిని పుట్టించింది. ఇప్పుడు చిక్కుడు తీగ గోడెక్కి పక్కింటివాళ్ళ కిటికీలోకి తొంగిచూస్తోంది.

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమా అండీ? గట్టి మూత పెట్టి, వెనక గోడ వారకి జరిపేద్దాం."

"మూత పెడితే క్రిములు అలిగి వెళ్ళిపోతాయా? చంటిపిల్ల వస్తోందోయ్! నేను ఉద్యోగమంతా వాటి మొహాలు చూసినవాణ్ణి."

అదీ నిజమే. ఆసుపత్రి ల్యాబులో, కఫం పరీక్షల గదిలో పనిచేసి రిటైరైన మనిషి. వీధిలో పిల్లలు ఆయనకి పెట్టిన పేరు సబ్బుబిళ్ళ తాతయ్య. చేతులు కడుక్కుని కుళాయి కట్టేస్తాడు. కుళాయి ముట్టుకున్నానని మళ్ళీ కడుక్కుంటాడు.

"నా మాట నమ్మవుగా, చూపిస్తా ఉండు" అంటూ అటక మీది పాత మైక్రోస్కోపు దించి భోజనాల బల్ల మీద పెట్టాడు.

"అన్నం తినేచోటండీ!"

ఆయన తత్తరపడ్డాడు. "ఆ మాట నేననాల్సింది" అని గొణిగి, కింద పేపరు పరిచాడు.

డ్రమ్ము అడుగున ఊరిన నల్లనీళ్ళు ఆవిడ గిన్నెలో పట్టి తెచ్చింది. ఆయన ఒక చుక్క గాజుపలక మీద పామి, ఆరనిచ్చి, దీపం సెగకు కాచి, సీసాలో మిగిలిన నీలిరంగు పోసి, కడిగి ఆరబెట్టాడు. ఆ చేతులకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అన్నిటికన్నా పెద్దగా చూపించే లెన్సు తిప్పి, "రా, చూసుకో నీ బంగారాన్ని!" అన్నాడు.

ఆవిడ కన్ను ఆనించింది. నీలం చుక్కలు, నీలం పుల్లలు. ఇన్ని ఉన్నాయా! డ్రమ్ము మీద ఆశ వదిలేసుకుంటూనే అడిగింది.

"ఇవన్నీ రోగాలేనా?"

"క్రిములు."

"క్రిములు సరే, రోగాలేనా అంటున్నా."

"అది... ఊరికే చూసి చెప్పలేం."

"మరి ఒక్కటీ కదలదేం?"

"కదలడానికి బతికుంటేగా? సెగకే చస్తాయి. మేం చూసేది అలాగే."

"డ్రమ్ములో ఉన్నవి బతికున్నవి కదండీ. వాటి సంగతి తేలుద్దామని శవాల్ని చూపిస్తారేం?"

వెటకారం కాదు, నిజంగానే అడిగింది. ఆయన ఇంకో గాజుపలక తీశాడు. ఈసారి కాచలేదు, రంగు పొయ్యలేదు. చుక్క వేసి, పైన పల్చటి గాజుబిళ్ళ మూశాడు. అలవాటు కొద్దీ పెద్ద లెన్సే పెట్టాడు. ఏమీ కనపడలేదు, అంతా తెల్లటి మసక. విసుక్కుంటూ చిన్న లెన్సుకి మార్చి, వెలుతురు తగ్గించాడు.

అంతే, ఇక తల ఎత్తలేదు.

"ఏమైందండీ? ఏదైనా పెద్ద రోగమా?"

"ఉండవే."

"చెప్పండీ, భయంగా ఉంది!"

"ఉండవే బాబూ, ఇటే వస్తోంది!"

చివరికి బతిమాలితే చోటిచ్చాడు. చెప్పు ఆకారంలో, గాజుతో చేసినట్టున్న జీవి ఒకటి ఒళ్ళంతా ఉన్న నూగు ఆడించుకుంటూ సర్రున దూసుకుపోయింది. దారప్పోగులాంటి పురుగు మెలికలు తిరుగుతోంది. ఇంకోటి ఆకు ముక్కకి తోక ఆనించి, తల మీద రెండు చక్రాలు తిరుగుతున్నట్టు చుట్టూ ఉన్న నలుసుల్ని నోట్లోకి లాక్కుంటోంది.

"ఇది అచ్చం మీ చెల్లెలేనండీ. క్షణం నోరు ఆగదు."

"మా చెల్లెల్ని అనకు" అన్నాడు గానీ నవ్వు ఆపుకోలేకపోయాడు. "అది తినేదేమిటో తెలుసా? ఇందాక నీకు చూపించి భయపెట్టానే, ఆ క్రిముల్నే."

వంతులేసుకుని చూస్తుంటే అన్నం చల్లారిపోయింది. చాలాసేపటికి ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"నాకు క్రిమి కనపడిందంటే ఎవరింట్లోనో ఏడుపు మొదలైనట్టే. ఇంకోలా చూడ్డం నాకు రాలేదు. ఇవేమో మనింటి తొక్కలు తిని మనకే మట్టి చేసిపెడుతున్నాయి, జీతం బత్తెం లేకుండా. ఆ చిక్కుడుకాయలు తిని ఒక్కనాడు బాగున్నాయని కూడా అన్లేదు నేను."

"నాతోనా, వాటితోనా?"

"ఇద్దరితోనూ."

ఇన్నేళ్ళలో ఆయన పెరట్లోకి తొంగిచూసింది తిట్టడానికే. ఆవిడ గిన్నె కడిగే వంకతో లేచి లోపలికి వెళ్ళిపోయింది.

పొద్దున్నే చెత్తబండి వచ్చింది. ఆవిడ వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది. ఆయన చొక్కా చేతులు మడిచి డ్రమ్ముకి ఒక పక్క తనే చెయ్యి వేశాడు, గేటు వైపు కాదు, వెనక గోడ వైపు.

"పట్టుకుపొమ్మన్నారుగా సార్?"

"అన్నాను. ఇప్పుడు ఇవ్వనంటున్నాను. ఆ పక్క పట్టు."

"బాబోయ్, ఇంత బరువేంటి సార్! ఏముందిందులో?"

"మా ఆవిడ దగ్గర పనివాళ్ళు. మెల్లగా దించవయ్యా."

ఆవిడ పొయ్యి వెలిగించి, ఇద్దరికీ టీ పెట్టింది.