రెండో శాంపిల్

"పచ్చిమిరపకాయ కొరికినంత మంట, అంతేనక్కా. పోదాం పద," అంటూ తమ్ముడు ఆసుపత్రి మంచం మీంచి కాళ్లు కిందికి వేశాడు.

"కదిలావంటే కాళ్లు విరగ్గొడతా," అంది అక్క. కుట్టుమిషన్ దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. కొలతల టేపు ఇంకా మెడలోనే ఉంది.

బస్ డిపోలో గడ్డి మందు కొట్టడం తమ్ముడి పని. పొద్దున స్ప్రేయర్ నాజిల్ మూసుకుపోయింది. నోట పెట్టి ఊదాడు, రాలేదు. పీల్చాడు. ఒక గుక్క మందు గొంతు దిగిపోయింది.

డాక్టరమ్మ అక్కను వరండాలోకి పిలిచింది.

"మీ తమ్ముడు చూడ్డానికి బాగానే ఉన్నాడమ్మా. రక్తం బాగాలేదు. లాక్టేట్ అనే ఆమ్లం పెరిగింది, తెల్లకణాలూ పెరిగాయి. ఈ విషం ముందు రక్తంలోనే బయటపడుతుంది. మెషిన్‌తో రక్తం శుభ్రం చేసి, మళ్లీ శాంపిల్ తీస్తాం. లాక్టేట్ దిగితే ఆశ ఉంటుంది."

"దిగకపోతే?"

"ముందు మెషిన్ పెట్టనీ," అంటూ డాక్టరమ్మ లోపలికి నడిచింది.

మెషిన్ ఆగింది. రెండో శాంపిల్ ల్యాబ్‌కి వెళ్లింది. అప్పుడు మొదలైంది తమ్ముడికి ఎగశ్వాస.

"అక్కా... ఊపిరాడట్లేదే."

పక్క మంచం ఖాళీ. గోడకు ఆక్సిజన్ మాస్కు వేలాడుతోంది. అక్క ఒక్క ఉదుటున దాన్ని లాగి తమ్ముడి ముఖానికి పెట్టి, మీట మీద చెయ్యి వేసింది.

"ఆగండి!" నర్సు వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"వాడు ఊపిరాడక కొట్టుకుంటుంటే కళ్లు కనబడట్లేదా నీకు?"

"వేలి క్లిప్పు చూడండి, రక్తంలో ఆక్సిజన్ సరిపడా ఉంది. ఎక్కువిస్తే ఆ గడ్డి మందు ఊపిరితిత్తుల్ని ఇంకా కాల్చేస్తుంది!"

అక్క మీట మీంచి చెయ్యి లాక్కుంది. "తిప్పేశానా?"

"లేదమ్మా. తిప్పలేదు," అంటూ నర్సు మాస్కు తీసేసింది.

అక్క నేల మీద కూలబడింది. తన చేతుల్ని తానే చీర కొంగులో చుట్టేసుకుంది, మళ్లీ దేన్నీ ముట్టుకోకుండా.

డాక్టరమ్మ లోపలికి వచ్చింది. ముగ్గురూ ఆవిడ ముఖంకేసే చూశారు.

"లాక్టేట్ దిగింది."

"అంటే బతికినట్టేనా?" అన్నాడు తమ్ముడు.

"బతికే అవకాశం పెరిగింది. కిడ్నీలు, ఊపిరితిత్తులు ఏమవుతాయో ఇప్పుడే చెప్పలేం. రేపు మళ్లీ రక్తం చూడాలి."

డాక్టరమ్మ వెళ్లిపోయింది. తమ్ముడు నర్సు వైపు చెయ్యి చాపాడు.

"రేపటిదాకా ఎందుకు సిస్టర్? ఇప్పుడే తియ్యండి."

అక్క లేచి, కొంగులోంచి చేతులు తీసి, రెండు చేతులతో ఆ చెయ్యిని గట్టిగా పట్టుకుంది.