తుడవని నూనె

ఈ ఏడు మరియమాతను చిన్నదీవి గుడికి చేర్చే వంతు మా పడవకు వచ్చింది. మామగారు పోయాక ఆ పడవకు దక్కిన మొదటి గౌరవం అది. ఊరు ఊరంతా పడవలేసుకుని వెనకే వస్తుంది, అందరి కళ్లూ మా పడవ చెక్క మీదే ఉంటాయి. దాంతో మా ఆయన యెర్కోకి పూనకం వచ్చింది.

పడవకు నూనె పట్టించడంలో మామగారి పద్ధతి అందరికీ తెలిసిందే. అవిసె నూనెలో టర్పెంటైన్ కలిపి పల్చగా రాసేవారు. కాసేపాగి, చెక్క తాగకుండా వదిలేసిన నూనెను పాతగుడ్డతో తుడిచేసేవారు. అలా చేస్తే చెక్క పదిలంగా ఉంటుంది కానీ మెరుపు రాదు. మా మహానుభావుడికి మెరుపు కావాలి. షిబెనిక్ పట్నం వెళ్లి ముదురు గోధుమరంగు పెయింటు డబ్బా ఒకటి, చిక్కటి పచ్చి అవిసె నూనె డబ్బా ఒకటి మోసుకొచ్చాడు. రెండూ కలిపి పూత మీద పూత వేశాడు.

పక్కింటి జ్వానె బాబాయి అటుగా పోతూ ఆగాడు.

"ఒరే, దక్షిణపు గాలి తిరిగిందిరా. ఈ తేమలో అది చచ్చినా ఆరదు. గుడ్డ తెచ్చి తుడువు."

"తుడిచి పారెయ్యడానికా బాబాయ్ ఇంత నూనె కొన్నది? మీరింకా మా నాన్న కాలంలోనే ఉన్నారు."

"మీ నాన్న కాలంలో పడవలు ఆరేవిరా," అని ముసలాయన వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండింది. "తుడిస్తే నీ సొమ్మేం పోతుంది?" అన్నాను.

"నువ్వూరుకోవే!"

పండగ పొద్దున వేలు పెట్టి చూస్తే అత్తిపళ్ల పాకంలా అంటుకుంది. బాబాయి పడవ అడుగుదామన్నాను. యెర్కో ముఖం కందిపోయింది. "ఇప్పుడా? ఊరంతా నవ్విపోదూ! చూసేవాళ్లకేం తెలుస్తుందిలే," అన్నాడు.

మాత విగ్రహాన్ని అడ్డబల్ల మీద నిలబెట్టారు. నలుగురు మోతగాళ్లు దారంతా నిలబడి పట్టుకున్నారు. చిన్నదీవి చేరాక ఫాదర్ "ఎత్తండి" అన్నారు. ఎత్తారు. పడవ ఊగింది కానీ విగ్రహం కదల్లేదు. మళ్లీ లాగారు. ఊహూఁ.

"అయ్యో తల్లీ! దిగనంటోంది!" ఒడ్డున ఒక ముసలమ్మ కేక పెట్టింది. అంతే, ఆడవాళ్లంతా రాళ్ల మీదే మోకరిల్లారు. మా అత్తయ్య టోంకా నల్లబట్టలతోనే నీళ్లలోకి దిగి పడవ దగ్గరకు వచ్చింది. "మా ఆయన పడవని వదిలి రానంటోందమ్మా, మా ఆయన పడవని!" అంటూ ఏడ్చింది. వంగి చెక్కను ముద్దు పెట్టుకుంది.

నూనె సంగతి చెప్పవయ్యా అన్నట్టు యెర్కో వైపు చూశాను. చుక్కాని సరిచేస్తున్నట్టు అటు వంగాడు. నాకు నీళ్లలో దూకి మునిగిపోవాలనిపించింది.

అత్తయ్య తలెత్తింది. పెదవులు గోధుమరంగుకు తిరిగాయి. నాలుకతో తడిమి చూసుకుంది. కాపురం చేసినన్నాళ్లూ మామగారి చేతుల్లో ఉన్న వాసన అది. ఆమెకు తెలియకేం? ఏడుపు ఆగిపోయింది.

"ఒరే యెర్కో." మెల్లగానే అంది, కానీ ఆ నిశ్శబ్దంలో అందరికీ వినబడింది. "తుడవలేదట్రా?"

"లేదమ్మా."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. జ్వానె బాబాయి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మోకరిల్లిన ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి, తలలు దించుకుని మోకాళ్లు దులుపుకున్నారు.

అత్తయ్య తలగుడ్డ విప్పింది. మాత పాదాల చుట్టూ బల్లను తుడవడం మొదలుపెట్టింది, అచ్చం మామగారిలాగే, చెక్క గీతల వెంబడి. యెర్కో వచ్చి గుడ్డ కోసం చెయ్యి చాపాడు.

ఆమె ఇవ్వలేదు.