ఎండ దిగేదాకా ఆకు వేళ

నికనోరా మాస్కును గడ్డం కిందికి లాక్కుంది. ఊపిరాడక. రెండుసార్లు గట్టిగా పీల్చింది. మూడోసారి పీల్చేలోపే ఫోర్‌మన్ ఒర్దోన్యెస్ ఫోను ఎత్తి ఫొటో తీశాడు.

పక్కనే రాయి కొడుతున్న కాసిమీరా అది చూసింది. సుత్తి ఆపలేదు.

అది తగరం గని బయటి యార్డు. మగవాళ్లు లోపలి నుంచి తెచ్చి పోసిన రాళ్లను ఆడవాళ్లు సుత్తులతో పగలగొట్టి, ఖనిజం ఉన్న ముక్కలు ఏరి పక్కన పెడతారు. యార్డుకు తూర్పున కొండ ఉంది. చుట్టూ తెల్లారినా కొండ నీడ తొలిగేదాకా యార్డులోకి ఎండ రాదు. జూన్ వచ్చిందంటే అక్కడ చలికాలం. బకెట్లో నీళ్లు పొద్దుటికి రాయి అవుతాయి.

మాస్కుకూ అదే జరుగుతుంది. ఊపిరిలో తడి లోపలి గుడ్డకు పట్టుకుంటుంది. ఆ తడి మంచవుతుంది. గుడ్డ అట్టలా బిగుసుకుంటుంది. వదిలిన గాలి బయటికి పోవడానికి పెట్టిన రబ్బరు రెక్క అతుక్కుపోతుంది. ఆ తర్వాత ఊపిరి తీయడమంటే గోడలోంచి తీయడమే. కిందికి లాగితే గాలి వస్తుంది. గాలితోపాటు రాతి పొడి వస్తుంది.

"మాస్కు పెట్టుకోమంటే పెట్టుకోవు. రేపు దగ్గొచ్చిందంటే మా మీద పడతావు," అన్నాడు ఒర్దోన్యెస్.

"దగ్గు ఎప్పుడో వచ్చింది సారూ. ఇదిగో, లోపలంతా మంచు. మీరే చూడండి," అని నికనోరా మాస్కు తీసి చేతికిచ్చింది.

ఒర్దోన్యెస్ దాన్ని తన గదిలోకి పట్టుకెళ్లాడు. గదిలో హీటరు ఉంది. కాసేపటికి బయటికొచ్చి మాస్కును ఆమె ఒళ్లోకి విసిరాడు.

"మంచెక్కడుంది? తడిగా ఉందంతే. ఉమ్మి ఉంటావు."

కాంట్రాక్టరు రూలు ఒకటుంది. మాస్కు లేకుండా దొరికినవాళ్ల ఊపిరితిత్తులు పాడైతే కంపెనీకి పూచీ లేదు. నికనోరా దగ్గుకు వైద్యం చేయించమని ఆ నెలే అడిగి ఉంది. ఫొటో తీసిన మర్నాడు ఆమెను గేటు దగ్గరే ఆపేశారు. పనీ లేదు, వైద్యమూ లేదన్నారు.

సాయంత్రం ఆడవాళ్లు హిలారియా వంటింట్లో కలిశారు. హిలారియా యార్డులో అందరికన్నా పెద్దది. అందరికీ అక్క. మంచులో ఆరబెట్టిన బంగాళాదుంపల సూపు గిన్నెల్లో పోసి ఇచ్చింది.

"దుంపల్ని మంచులో పెడితే ఏడాదంతా తినొచ్చు. మనల్ని పెడితే ఎవడు తింటాడో," అంది.

"కాంట్రాక్టరు తింటున్నాడుగా," అంది యోలా. యార్డులో అందరికన్నా చిన్నది. పెళ్లింకా కాలేదు.

యూనియన్ తరఫున సెవేరో వచ్చాడు. గని లోపల రాయి తొలిచేవాడు. సూపు తాగుతూ మొదలుపెట్టాడు.

"చూడండి అక్కలూ. మేం పెట్టుకునేదీ అదే మాస్కు. లోపల మాకేం గడ్డకట్టదు. మీరేమో..."

"లోపల మీరు చొక్కాలు విప్పేసి పని చేస్తారు. అంత ఉక్క," అంది హిలారియా. "బయటికొచ్చేటప్పుడు మాస్కు ఎక్కడ తీస్తావ్?"

"గని నోటి దగ్గర."

"రేపు తీయకుండా మా దాకా రా."

సమ్మె చేద్దామంది యోలా. సమ్మె అంటే మర్నాడే లోయలోంచి వేరే మనుషుల్ని తెస్తారని మిగతావాళ్లన్నారు. లేబరు ఆఫీసుకు వెళ్దామంది ఒకామె. ఆ ఆఫీసరు మధ్యాహ్నం వస్తాడు, ఎండలో నిలబడి మాస్కు పెట్టుకుంటాడు, హాయిగా ఉందంటాడు, పోతాడు. పోయిన ఏడు జరిగింది అదే.

"నాకు ఓపిక లేదే అమ్మా," అంది కాసిమీరా. "ఈ ఒక్క చలికాలం గడిస్తే చాలు."

"పోయిన చలికాలమూ ఇదే మాటన్నావు పిన్నీ," అంది యోలా.

కాసిమీరా గిన్నెలో మిగిలిన సూపు తాగేసింది. మొగుడు గనిలో పోయాక ఆమె యార్డులో చేరింది. ఆమె కూలి మీద ఇద్దరు మనవరాళ్లు బతుకుతున్నారు. యాభై దాటినవాళ్లను కాంట్రాక్టరు ఉంచుకోడు. చేరినప్పుడు గేటు దగ్గర ఆమె చెప్పిన వయసు వేరు, అసలు వయసు వేరు. యార్డులో సగంమంది సంగతి అదే. ఎవరూ పైకి అనరు.

"సమ్మె వద్దు, అర్జీలూ వద్దు," అంది హిలారియా. "ఆకు వేళకు కూర్చుంటాంగా. కూర్చునే ఉందాం."

పని మొదలుపెట్టే ముందు అందరూ వరసగా కూర్చుని బుగ్గన కోకా ఆకు పెట్టుకుని, అందులో తీపి పోయేదాకా చప్పరిస్తారు. చలికీ ఆకలికీ అలుపుకూ అదే మందు. ఆ కూర్చోవడానికి ఒక పద్ధతుంది. అందరిలోకీ పెద్ద ఎవరో వాళ్లు మోకాళ్ల మీద చేతులాన్చి లేస్తేనే మిగతావాళ్లు లేవాలి. పెద్ద లేవకుండా ఎవరూ లేవరు. లే అని పెద్దకు ఎవరూ చెప్పరు. ఒర్దోన్యెస్ కూడా ఒకప్పుడు గనిలో బండి తోసినవాడే. ఫోర్‌మన్ అయ్యాక కూడా పొద్దున ఆకు మానలేదు.

"నీకెన్నేళ్లే అక్కా?" అని ఎవరో అడిగారు.

"కాగితం మీద నలభై తొమ్మిది."

"పోయినేడూ నలభై తొమ్మిదేగా?"

"చలికి అదీ గడ్డకట్టింది."

నవ్వారు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు ఆగేదాకా ఆగి, ఏం అడగాలో తేల్చుకున్నారు. ఎండ యార్డులోకి దిగాకే పని. మాస్కు తడిస్తే మార్చుకోవడానికి పొడిది ఇవ్వాలి. నికనోరాకు పనీ వైద్యమూ ఇవ్వాలి.

మర్నాడు పొద్దున సెవేరో రాత్రి షిఫ్టు దిగి, మాస్కు తీయకుండా గనిలోంచి బయటికొచ్చాడు. లోపలి చెమటకు అది తడిసి ఉంది. ఆడవాళ్లు కూర్చున్న చోటికి వచ్చేసరికి నడక ఆగింది. మాస్కును రెండు చేతులా పట్టి లాగాడు. బిగుసుకున్న నాడా పుటుక్కున తెగింది. వంగి ఊపిరి పీల్చుకున్నాడు.

"ఎలా ఉంది తమ్ముడూ?" అంది హిలారియా.

సెవేరో మీసం మీది మంచు దులుపుకున్నాడు. "జరగండక్కా," అని వరస చివర కూర్చున్నాడు. షిఫ్టు దిగి వచ్చిన మగవాళ్లు ఒక్కొక్కరే అతని పక్కన చేరారు.

పని వేళ దాటింది. ఒర్దోన్యెస్ వచ్చి నిలబడ్డాడు.

"అయిందా అమ్మా?"

"ఆకు ఇంకా తియ్యగానే ఉంది నాయనా," అంది హిలారియా.

అతను వెళ్లాడు. మళ్లీ వచ్చాడు. ఆకు ఇంకా తియ్యగానే ఉంది. ఎండ కొండ దిగి యార్డులోకి వచ్చి హిలారియా చెప్పులను తాకింది. అప్పుడు ఆమె మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది. అందరూ లేచారు. ఆ రోజు ఎవరూ మాస్కు కిందికి లాగలేదు. లాగాల్సిన అవసరం రాలేదు.

ఆ వారమంతా అలాగే జరిగింది. ఒర్దోన్యెస్ మొదట బతిమాలాడు, తర్వాత కూలి కోస్తానన్నాడు, కోశాడు. ఇళ్లలో సూపు పలచబడింది. కాసిమీరా రోజూ ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు ఇవాళ లేచి పనిలోకి పోదామనుకునేది. వచ్చి కూర్చునేది. ముందు లేచేంత ధైర్యం ఆమెకు లేదు.

సోమవారం కాంట్రాక్టరు ఒరూరో పట్నం నుంచి జీపులో వచ్చాడు. వెనక పోలీసు ట్రక్కు ఉంది.

"ఎవరు లేస్తే వీళ్లంతా లేస్తారు?" అని అడిగాడు.

ఒర్దోన్యెస్ హిలారియాను చూపించాడు.

"లేపు."

"నేను ముట్టుకోను సారూ," అన్నాడు ఒర్దోన్యెస్. అతని బుగ్గన కూడా ఆకుంది.

ఇద్దరు పోలీసులు హిలారియాను చంకల కింద పట్టి ఎత్తారు. ఎత్తారు కాని ఆమె లేవలేదు. మోకాళ్లు మడిచే ఉంచింది. కూర్చున్న మనిషిని కూర్చున్నట్టే మోసుకెళ్లి ట్రక్కులో పెట్టారు. వరసలో ఎవరూ కదల్లేదు.

"మీ పెద్దది పోయింది," అన్నాడు కాంట్రాక్టరు. "ఇప్పుడు పెద్దదెవరు? వచ్చి నిలబడమనండి. ముందే చెప్తున్నా, యాభై దాటినవాళ్లెవరికీ ఇక్కడ పని లేదు. ఎవరైనా ఉంటే గేటు అటుంది."

అందరూ నేలకేసి చూశారు. పెద్దదాన్నని చెబితే పని పోతుంది. ఎవరూ చెప్పకపోతే వరసకు పెద్ద లేదు, పెద్ద లేకపోతే కూర్చోవడానికి అర్థం లేదు. కాంట్రాక్టరుకు అది ఎవరు చెప్పారో గాని, బాగానే చెప్పారు.

గేటు అవతల నికనోరా నిలబడి ఉంది. ఆమె దగ్గు యార్డులోకి వినిపిస్తోంది.

కాసిమీరాకు మనవరాళ్లు గుర్తొచ్చారు. వాళ్ల గిన్నెలు గుర్తొచ్చాయి. ఇన్నేళ్లు రెండు వయసులు మోసిన అలసట కూడా గుర్తొచ్చింది. ఒళ్లో ఉన్న మాస్కును చూసుకుంది. నిన్నటి తడి ఇంకా ఆరలేదు. అంచున మంచు పేరుకుని ఉంది.

"నేనే," అంది.

కాంట్రాక్టరుకు వినబడలేదు. "ఎవరు?"

"పెద్దదాన్ని నేనే. యాభై ఎనిమిది నాకు." ఆకును ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంది. "ఇంకా తియ్యగానే ఉంది."

పోలీసులు ఆమెను కూడా ఎత్తారు. ఆమె కూడా మోకాళ్లు మడిచే ఉంచింది. మోకాళ్లు నొప్పి పెట్టాయి, అయినా చాపలేదు. ట్రక్కు దాకా వెళ్లేసరికి వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"నాకు అరవై."

ఎన్నేళ్లుగానో నలభై ఏడు దగ్గర ఆగిపోయిన మనిషి గొంతు అది.

"నాకు అరవై మూడు," అంది ఇంకొకామె.

"నాకు డెబ్బై," అంది యోలా.

"నేను మా అమ్మకన్నా పెద్దవాణ్ణి," అన్నాడు సెవేరో.

వరస మొత్తం వయసు చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఎవరిని ముందు ఎత్తాలో తెలియక పోలీసులు కాంట్రాక్టరు వైపు చూశారు. కాంట్రాక్టరు ఒర్దోన్యెస్ వైపు చూశాడు. ఒర్దోన్యెస్ వెళ్లి వరస చివర, మగవాళ్లకు కొంచెం ఎడంగా, కూర్చున్నాడు. వయసు మాత్రం చెప్పలేదు.

ఎండ ఇంకా కొండ అంచునే ఉంది.

ట్రక్కులో హిలారియా బల్ల మీద కూర్చుని ఉంది. కాసిమీరాను చూసి కళ్లు చిన్నవి చేసింది.

"యాభై ఎనిమిదా? నాతో యాభై రెండన్నావు."

"నీకు నలభై తొమ్మిదేగా అక్కా."

హిలారియా నవ్వలేదు. ఇద్దరికీ నవ్వే ఓపిక లేదు. తన గుడ్డసంచిలోంచి గుప్పెడు ఆకు తీసి కాసిమీరా చేతిలో పెట్టింది. యార్డులో వయసులు పెరుగుతూనే ఉన్నాయి. తొంభై దాటాయి.

"లోపలికి జరుగు," అంది హిలారియా. "ఇంకా వచ్చేవాళ్లున్నారు."