పేడగుంటకు కాపలా

అన్సెల్మోను పేడగుంటలోంచి పైకి లాగినప్పుడు డెయిరీ యజమాని గార్త్ బ్లేలాక్ మొట్టమొదట అడిగింది లారీ ఇంజను సంగతి.

రొవీనా చెవులారా విన్నది. దూడలకు పాలు పోసే బకెట్లు ఇంకా ఆమె చేతుల్లోనే ఉన్నాయి. పాలు పితికే షెడ్డు వెనకాల ఉంటుంది ఆ గుంట, చెరువంత. వేల ఆవుల పేడా ఉచ్చా అందులోకే పోతుంది. పైన అట్టకట్టి ఉంటుంది కాబట్టి వాన కురిసిందంటే ఏది దారో ఏది గుంటో తెలియదు. తెల్లవారకముందే దాణా లారీ తోలుకొచ్చిన అన్సెల్మో దాన్ని దారనుకున్నాడు. అక్కడ కంచె లేదు, దీపం లేదు. ఒక కర్ర పాతి దానికింత గుడ్డపేలిక కట్టినా బతికేవాడు.

షెడ్డు కడిగే గొట్టంతోనే శవాన్ని కడిగారు. ఎంత కడిగినా ముక్కులోంచి, నోట్లోంచి పేడనీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆ ప్రాంతపు పోలీసు అధికారి షెరీఫ్ పంపిన డిప్యూటీ స్టకీ, బ్లేలాక్ ఇచ్చిన కాఫీ తాగుతూ నిలబడ్డ చోటనే ఇది ప్రమాదమని తేల్చేశాడు. గుంట చుట్టూ ఒకసారి నడిచి చూసిన పాపాన పోలేదు. ఇక పదండర్రా, ఆవులు ఆగవు అన్నాడు బ్లేలాక్. అందరూ వెళ్ళారు. రొవీనా కూడా వెళ్ళింది. దూడ నోటికి పాలసీసా అందిస్తుంటే ఆమెకు రోతేసింది. అది వాసనకు కాదు. అమెరికాలోని ఈ ఐడహోలోనే పుట్టి, పెళ్ళి కాకముందు నుంచీ ఆ వాసనలోనే బతుకుతున్న మనిషి ఆమె. మనుషుల మీద పుట్టిన రోత అది.

మర్నాడు దాణా లారీని కడిగి, ఇంజను బాగుచేసి, తాళాలు వెర్ల్ చేతికిచ్చారు. వెర్ల్ ఆమె మొగుడు.

వెర్ల్‌కు రెండు కొలువులున్నాయి. పొద్దంతా బ్లేలాక్ డెయిరీలో యంత్రాలు బాగుచేస్తాడు. శనివారం సాయంత్రం అదే బ్లేలాక్ గడ్డికొట్టంలో స్వేచ్ఛా దండు సైనికుడవుతాడు. దండంటే ఊళ్ళో మగవాళ్ళు తుపాకులు పట్టుకుని గవర్నమెంటును అడ్డుకోవడానికి పెట్టుకున్న మిలీషియా. దానికి కెప్టెన్ ఇంకెవరు, బ్లేలాకే. కూలీ పెంచమంటే మొహం మాడ్చుకునే దొర, దండుకు మాత్రం తూటాలు తానే కొనిపెడతాడు. వారం వారం గుండె మీద చెయ్యి పెట్టుకుని అందరూ ప్రమాణం చేస్తారు. ఎవరి తుపాకీ లాక్కోనివ్వం. జడ్జి కాగితం లేకుండా ఎవరి మీదా చెయ్యి వేయనివ్వం. తోటివాడు పిలిస్తే వచ్చి నిలబడతాం. వాళ్ళు తినడానికి 'ఆపిల్ పై' అనే తీపి రొట్టె మోసుకెళ్ళి మోసుకెళ్ళి రొవీనాకు అది నోటికి వచ్చేసింది.

కిందటి నెల పనిచోట భద్రత చూసే గవర్నమెంటు ఇన్‌స్పెక్టరు ఒకావిడ ఆ గుంట చూడటానికే వచ్చింది. చేతిలో టేపు తప్ప ఏమీ లేని మనిషి. దండు మొత్తం గేటు దగ్గర తుపాకులతో బారులు తీరింది. జడ్జి కాగితం ఏదీ అని అందరికంటే గట్టిగా అరిచినవాడు వెర్ల్. ఆవిడ బిక్కచచ్చి కారు వెనక్కి తిప్పుకుపోయింది. ఆ రోజు మగాళ్ళంతా దేశాన్ని కాపాడినట్టు మీసాలు దువ్వుకున్నారు. వాళ్ళు కాపాడింది పేడగుంటని.

రాత్రి అన్నాల దగ్గర రొవీనా తాళాల గుత్తి తీసి బల్ల మీద పడేసింది.

"కంచె వేసేదాకా ఆ లారీ ఎక్కనని చెప్పు."

"కెప్టెన్‌తో అలా ఎలా చెప్తానే? పిరికివాడనుకోడూ?"

"పేడ మింగి చచ్చినవాణ్ణి నేను చూశాను వెర్ల్. వాడేమీ పిరికివాడు కాదు."

వెర్ల్ తల వంచుకుని మాంసం కోసుకున్నాడు. తనకు దారి బాగా తెలుసని, అన్సెల్మో కొత్తవాడని ఏదో గొణిగాడు. అన్సెల్మో ఆ దారిన తిరగబట్టి ఏళ్ళయింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అబద్ధం చెప్పిన మొగుడి కంటే, ఆ అబద్ధాన్ని తనకు తానే నమ్మించుకుంటున్న మొగుణ్ణి చూస్తే ఆమెకు ఎక్కువ అసహ్యం వేసింది. ఆ అసహ్యం కింద భయం ఉంది. మళ్ళీ వాన పడితే గొట్టంతో కడిగేది ఈ మొహాన్నే.

అన్సెల్మో చెల్లెలు ఎల్విరా కూడా షెడ్డులో పాలు పితుకుతుంది. ఆమె ఉండే రేకుల ట్రెయిలర్ ఇంట్లో రోజూ సాయంత్రం చనిపోయినవాడి కోసం ప్రార్థన జరుగుతోంది. రొవీనా చావింటికి తీసుకెళ్ళే చీజు బంగాళాదుంపలు పళ్ళెంలో సర్దుకుని వెళ్ళింది. ఎల్విరా పళ్ళెం అందుకోలేదు.

"నీ మొగుడి తుపాకీ లేకపోతే ఆ ఇన్‌స్పెక్టరమ్మ గుంట చూసుండేది అక్కా. మా అన్న ఇవాళ ఇక్కడ కూర్చునుండేవాడు."

రొవీనా కాదనలేదు. "ఇప్పుడు ఆ లారీ మా ఆయనకిచ్చారు" అంది. "వాన పడకముందు కంచె పడాలి. దానికి నేనేం చెయ్యాలో చెప్పండి, చేస్తాను."

అప్పుడు మొదలైంది వాదం. సెలవు పెడదామన్నాడొకడు. అర్జీ రాద్దామన్నారింకొకరు. ఆ అర్జీతో దొర ఏం తుడుచుకుంటాడో చేతితో చూపించాడు ఫెర్మిన్, ఆ చావింట్లో కూడా నవ్వొచ్చింది. ఫెర్మిన్ పక్క ఊరు బర్లీలో పుట్టినవాడు, ఆ గదిలో భయం లేకుండా నోరు తెరవగలిగిన కొద్దిమందిలో ఒకడు. మిగతావాళ్ళలో చాలామందికి ఈ దేశంలో ఉండే కాగితాలు లేవు. పితకడం మానేద్దాం అన్నాడు ఫెర్మిన్. మధ్యాహ్నం పితుకుడు ఒక్కటి తప్పితే ఆవుల పొదుగులు రాళ్ళవుతాయి. ఆ అరుపులకు లోయ దద్దరిల్లుతుంది. దొర దిగిరాక తప్పదు.

ఎల్విరా ఏడ్చింది. ఆవులేం పాపం చేశాయి అంది. వాటికి పేర్లు పెట్టుకుని పిలిచే మనిషి ఆమె. చివరికి ఆమే కళ్ళు తుడుచుకుని అంది, "మనం చస్తే ఆయనకు చీమ కుట్టినట్టుండదు. ఆవు అరిస్తే నిద్ర పట్టదు. ఆయనకు వినపడే భాష అదొక్కటే అయితే, అదే మాట్లాడదాం."

కాలువ అవతలి డెయిరీ నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు మూల కూర్చుని అంతా విన్నారు. మా దగ్గరా ఇలాంటి గుంటే ఉంది అని మాత్రం అన్నారు. బీన్స్ తిని, దణ్ణం పెట్టుకుని, వస్తామనీ రామనీ చెప్పకుండా వెళ్ళిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం పితుకుడు వేళకు షెడ్డులో ఒక్కరూ లేరు. అందరూ పాల ట్యాంకరు వచ్చే గేటుకు అడ్డంగా నిలబడ్డారు. రబ్బరు బూట్లు, ఏప్రాన్లు అలాగే ఉన్నాయి. కంచె వేసి దీపాలు పెట్టు, ఇప్పుడే లోపలికెళ్తాం అని ఎల్విరా బ్లేలాక్ మొహం మీద చెప్పింది. బ్లేలాక్ ఆమెతో మాట్లాడలేదు. ఫోను తీసి, వలస పోలీసులకు చెప్పి వ్యాను తెప్పిస్తానని అందరికీ వినపడేలా అన్నాడు. గవర్నమెంటు మనిషి కాలు ఈ నేల మీద పడనివ్వనని తుపాకి పట్టుకున్న కెప్టెన్, కూలీల్ని పట్టివ్వడానికి ఆ గవర్నమెంటుకే ఫోను చేస్తానంటున్నాడు. రొవీనాకు ఆ మొహాన ఖాండ్రించి ఉమ్మాలనిపించింది.

షెడ్డులో ఆవులు అరవడం మొదలుపెట్టాయి. ముందు ఒకటీ అరా, తర్వాత అన్నీ.

కెప్టెన్ పిలుపందుకుని దండు దిగింది. ట్రక్కులు, జెండాలు, నల్ల కళ్ళద్దాలు, తూటాలు దూరని కోట్లలో ఇమడని బొజ్జలు. వెనకే స్టకీ తన పోలీసులతో వచ్చాడు. పోలీసంటే నిరంకుశత్వమని శనివారం శనివారం గొంతు చించుకునేవాళ్ళు స్టకీ భుజం తట్టి పలకరించారు. ఎవరో డోనట్ల పెట్టె తెరిచారు. పోలీసూ మిలీషియా ఒకే పెట్టెలో చేతులు పెట్టి తింటుంటే ఎల్విరా రొవీనా వైపు చూసింది. రొవీనా వెర్ల్ వైపు చూసింది. అతను భుజాన రైఫిలుతో ఆ వరసలోనే ఉన్నాడు. డోనట్ మాత్రం తీసుకోలేదు.

స్టకీ నోరు తుడుచుకుని గేటు ఖాళీ చెయ్యమన్నాడు. ఎవరూ కదల్లేదు. అతని చూపు ఫెర్మిన్ ట్రక్కు మీద పడింది. వెనక అద్దం దగ్గర జింకల వేట రైఫిలు వేలాడుతోంది. ఆ లోయలో ప్రతి ట్రక్కులోనూ ఒకటి వేలాడుతుంది. ఆయుధాలతో గుంపు కట్టారా అంటూ ఇద్దరు పోలీసులు ఫెర్మిన్‌ను బోర్లా పడేసి మెడ మీద మోకాలు పెట్టారు. మూడోవాడు రైఫిలు లాక్కున్నాడు.

"నేనిక్కడ పుట్టినవాణ్ణి" అన్నాడు ఫెర్మిన్, నోట్లో బురదతో. "అది ఉంచుకునే హక్కు నాకూ ఉంది."

దండులో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుతో రొవీనా ఒళ్ళు భగ్గున మండింది. ఆమె వెళ్ళి ఫెర్మిన్‌కూ పోలీసులకూ అడ్డంగా నిలబడింది. దండు వైపు తిరిగి, తాను ఎన్నో శనివారాలు విన్న ప్రమాణం మొదటి నుంచీ చెప్పింది.

"ఎవరి తుపాకీ లాక్కోనివ్వం. జడ్జి కాగితం లేకుండా ఎవరి మీదా చెయ్యి వేయనివ్వం. మీరు అన్నదే గదరా ఇది? నేను తెచ్చిన ఆపిల్ పై తింటూ అన్నారు. జడ్జి కాగితం ఏదీ?"

ఎల్విరా అందుకుంది. ఇంగ్లీషు రానివాళ్ళు కూడా ఆ ఒక్క ముక్క అందుకున్నారు. జడ్జి కాగితం ఏదీ, జడ్జి కాగితం ఏదీ అని గేటు మొత్తం కేకలు వేసింది. వెనక ఆవులు. దండులో కొందరు నేల చూపులు చూశారు.

వెర్ల్ వరసలోంచి బయటికొచ్చాడు. రైఫిలు తీసి రెండు చేతులా స్టకీ ముందుకు చాచాడు.

"అతనిది తీసుకున్నావు గదా. నాదీ తీసుకో."

"భుజానికి తగిలించుకో వెర్ల్. వేషాలెయ్యకు."

"అతనిది ట్రక్కులో ఉంది. నాది చేతిలో ఉంది, తూటాలతో సహా. తీసుకోవేం?"

స్టకీ బ్లేలాక్ వైపు చూశాడు. బ్లేలాక్ తల అడ్డంగా ఊపాడు. వెర్ల్ అలాగే చేతులు చాచి నిలబడ్డాడు. ఎవరూ ఆ తుపాకీ అందుకోలేదు. ఆ హక్కు తనలాంటివాళ్ళకే గానీ ఫెర్మిన్‌కు లేదని లోయలో పుట్టి పెరిగినవాడికి అర్థం కావడానికి ఇంతకాలం పట్టింది. తూటాలు తీసి జేబులో వేసుకుని, రైఫిలు పోలీసు కారు మీద పెట్టి, లారీ తాళాల గుత్తి బ్లేలాక్ కాళ్ళ దగ్గర పడేశాడు. వచ్చి గేటు దగ్గర నిలబడి ఏదో చెప్పబోయాడు.

"ఉపన్యాసాలొద్దు" అంది రొవీనా. "ఎల్విరా పక్కన ఖాళీ ఉంది, పోయి నిలబడు."

ఎల్విరా అతని వైపు చూడలేదు. జరిగి చోటు మాత్రం ఇచ్చింది.

బేడీలు వేసి ఫెర్మిన్‌ను, పోలీసులకు అడ్డం నిలిచినందుకు రొవీనాను కారులోకి తోశారు. గేటు దగ్గర వరస చెదరలేదు. కారు కాలువ వంతెన దాటింది. బ్లేలాక్ ఆవుల అరుపులు వెనక్కి సన్నగిల్లుతున్నాయి. వాటి వెంటే తన ధైర్యమూ సన్నగిల్లుతున్నట్టనిపించి రొవీనా కళ్ళు మూసుకుంది. అంతలో అరుపులు మళ్ళీ పెరిగాయి. ఈసారి ఎదురుగా వస్తున్నాయి.

కాలువ అవతలి డెయిరీ గేటు దగ్గర రబ్బరు బూట్లు వేసుకున్న మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. ముందు ఆ ఇద్దరు ఆడవాళ్ళే. వాళ్ళ వెనక షెడ్డులో ఆవులు గొంతెత్తి అరుస్తున్నాయి. పితుకుడు వేళలో ఆవులు అలా అరుస్తున్నాయంటే దాని అర్థం లోయలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

స్టకీ అద్దం పైకెక్కించాడు. అరుపులు వినపడుతూనే ఉన్నాయి.