పద్నాలుగో నంబరు సీసా

నీబియా చేతిలో పూలకుండీలు వారం బతకవు గానీ కణాలు మాత్రం చచ్చిన దాఖలా లేదని మోంతెవిదెయోలోని ఆ ప్రయోగశాలలో అందరూ ఆటపట్టిస్తారు. గర్భిణుల ఉమ్మనీటి నుంచి తీసిన మూలకణాలను పెంచడం ఆమె పని. సోమ, బుధ, శుక్రవారాల్లో సీసాల్లోని పాత పోషకద్రవం తీసేసి కొత్తది పోస్తుంది. సీసాలన్నీ తనకు ఒకటేనని చెప్పుకుంటుంది. అది పచ్చి అబద్ధం. పద్నాలుగో నంబరు సీసా ఎత్తితే చాలు, ఆమె గొంతు మెత్తబడుతుంది.

ఆ సీసాలోని కణాలు ఆమె ఉమ్మనీటి నుంచి వచ్చినవే. నలభై ఒకటో ఏట నెల తప్పింది. వయసు మీద పడిందని డాక్టర్లు ఉమ్మనీరు తీసి పరీక్ష చేసి, ఆడపిల్ల, ఏ లోపమూ లేదన్నారు. మిగిలిన రెండు చెంచాల నీళ్లు సంతకం పెట్టి ప్రయోగశాలకే ఇచ్చింది. సెలెస్తె అని పేరు కూడా పెట్టుకున్న ఆ బిడ్డ ఏడో నెలలో కడుపులోనే పోయింది. నీళ్లలో తేలిన బిడ్డ కణాలు మాత్రం సీసాలో పెరుగుతూనే ఉన్నాయి. వాటిని చూసి బతకడం పిచ్చితనమని ఆమెకూ తెలుసు. అయితే ఏమిటి, ఆరేళ్లుగా ఆ పిచ్చే ఆమెను పొద్దున్నే మంచం మీంచి లేపుతోంది.

ప్రయోగశాలకు పెద్ద అయిన డాక్టర్ మాబెల్, చర్చిలో జ్ఞానస్నానం నాడు ఆ బిడ్డను ఎత్తుకుని జ్ఞానతల్లి కావలసిన మనిషి. ఆ దేశంలో కన్నతల్లీ జ్ఞానతల్లీ ఒకరినొకరు కొమాద్రే అని పిలుచుకుంటారు. జ్ఞానస్నానం జరగకపోయినా వీళ్లిద్దరికీ ఆ పిలుపు నిలిచిపోయింది.

ఆ బుధవారం, కంప్యూటర్ దగ్గర లెక్కలు చూసే ఫాబియానా కేకేసింది. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది, ఏ నీళ్లు ఎవరివో ఆమెకు తెలియదు.

"నీబియా, ఇటు రా. నీ పద్నాలుగు నా ప్రాణం తోడేస్తోంది."

ఏ జన్యువు పనిచెయ్యకుండా తాళం పడి ఉంది, ఏది తెరిచి ఉంది అని చూడటం ఫాబియానా పని. తాళాలు వదులు చేసే మందు వేసి, ఆ కణాలను గుండె కణాలుగా మలచాలని మాబెల్ తాపత్రయం.

"ఆడవాళ్ల కణంలో రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి కదా, ఒకదానికి నిలువునా తాళాలు పడి ఉండాలి. దీనికి లేవు. మందు మహిమేమో అనుకున్నా, మందు వెయ్యని సీసాలోనూ అంతే. పైగా వై కూడా ఉంది. మగపిల్లాడమ్మా వీడు! తొమ్మిదో నంబరు సీసాతో అచ్చు గుద్దినట్టు సరిపోయాడు. లేబుళ్లు రాసేది నువ్వేగా, చత్వారం వచ్చిందా ఏమిటి?"

నీబియా నవ్వలేదు. తప్పు తనదే అనుకుని, సీసాల లెక్కలు రాసే పాత నోటుపుస్తకాలన్నీ తిరగేసింది. నాలుగేళ్ల కిందటి ఫిబ్రవరిలో రెండు వారాలు తన రాత లేదు, మాబెల్ రాత ఉంది. ఆ రెండు వారాలూ తను రోచా సముద్రతీరంలో ఉంది. వెళ్లనంటే మాబెలే పట్టుబట్టి పంపింది, పిల్లను నేను చూసుకుంటాలే అని.

ఆ పుస్తకం పట్టుకుని మాబెల్ గదిలోకి వెళ్లింది. మాబెల్ మాతే అనే ఆకు తేనీరు తాగే సొరబుర్రలో వేణ్ణీళ్లు పోస్తోంది.

"పద్నాలుగు ఎప్పుడు పోయింది కొమాద్రే?"

ఏమంటున్నావని మాబెల్ అడగలేదు. నీళ్ల ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది.

"బూజు పట్టింది. గడ్డకట్టించి దాచినవి కూడా కరిగించి చూశాను, అన్నిటికీ అదే బూజు. అన్నీ పారబోసి, తొమ్మిదిలోంచి కొన్ని తీసి పద్నాలుగు సీసాలో వేశాను. నువ్వు అప్పుడప్పుడే నాలుగు ముద్దలు తింటున్నావు. ఎలా చెప్పమంటావు?"

"నోటితో."

"నీ కోసమేనే..."

"నా కోసమా? మగ కణాలూ ఆడ కణాలూ ఆ మందుకు ఒకేలా మారతాయని మరుసటేడు వ్యాసం అచ్చేయించావు. ఆడ కణాలంటే పద్నాలుగు ఒక్కటేగా. అదెవరి కోసం?"

మాబెల్ ముఖం పాలిపోయింది. "గడువు దగ్గరపడింది. ఇంకో ఆడబిడ్డ నీళ్లు దొరికితే సరిచేద్దామనుకున్నా. తర్వాత ఆ సమయం దాటిపోయింది."

రోచా నుంచి తిరిగొచ్చిన రోజు నీబియాకు గుర్తొచ్చింది. సీసా చూసుకుని, పరుగున వచ్చి మాబెల్‌ను కావలించుకుంది. మాబెల్ కూడా గట్టిగా పట్టుకుని వీపు నిమిరింది. ఆ చేతులతోనే ఇంత పని చేసిందని తలుచుకుంటే నీబియాకు ఒళ్లు మండిపోయింది.

"ఏ రోజు?"

"ఏమిటి?"

"పారబోసింది ఏ రోజు?"

మాబెల్ నిజంగానే ఆలోచించింది. "ఫిబ్రవరి... మంగళవారమో, గురువారమో. ఒట్టు, గుర్తులేదు కొమాద్రే."

"ఇంకెప్పుడూ నన్నలా పిలవకు."

ఆ మాట అనేసి నీబియా తన గదికి వచ్చింది. సీసాలోని కణాలు ఏ పాపమూ ఎరగవు. ఎవరో తల్లి కన్న కొడుకువి, వాడు ఈపాటికి బడికి పోతూ ఉంటాడు. సీసా మీది పద్నాలుగు కొట్టేసి తొమ్మిది అని రాసింది, పాత ద్రవం తీసి కొత్తది పోసింది. మిగతా సీసాలకు పోసినట్టే పోసింది.

తర్వాత నోటుపుస్తకం తెరిచి, పద్నాలుగుకు ఎదురుగా చనిపోయింది అని రాసింది. పక్కన తేదీ గడి ఉంది. దాన్ని ఖాళీగా వదలకూడదని వచ్చిన ప్రతివాళ్లకూ పదిహేనేళ్లుగా నేర్పింది తనే. కలం ఆ గడి మీద పెట్టింది. రాయడానికి ఆమె దగ్గర తేదీ లేదు.