శుక్రవారం మైకు

ఆర్లీన్ రోజూ పొద్దున్న అయిదున్నరకల్లా స్కూలు బస్సు తాళాలు తీసుకుని బయల్దేరేది. ఒహాయోలో తన ఊరి తూర్పు పక్కన ఇరవై మూడు చోట్ల ఆగి పిల్లల్ని ఎక్కించుకోవాలి. పదకొండేళ్ళుగా అదే పని. ఏ మలుపులో గుంట ఉందో, ఏ ఇంటి పిల్ల బూటు లేసులు కట్టుకోకుండా పరిగెత్తుకొస్తుందో కళ్ళు మూసుకున్నా తెలుసు ఆవిడకి. ఈ మధ్య మాత్రం బస్సు దిగాక కూడా కాళ్ళు నిలిచేవి కావు. ఇంటికొచ్చి తుడిచిన పొయ్యే మళ్ళీ తుడిచేది, మడతపెట్టిన తువాళ్ళు విప్పి మళ్ళీ మడతపెట్టేది.

"కాసేపు కూర్చోవే. నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అనేవాడు మొగుడు వెర్న్. అతను గాజు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి వచ్చి సోఫాలో కూలబడేవాడు.

"కూర్చుంటే అది గుర్తొస్తుంది."

"రానీ. దాని మంచికేగా పంపాం."

అది అంటే కూతురు డార్సీ. పదహారేళ్ళు. పంపి ఎనిమిది నెలలైంది. ఆ ఏడాది టీవీ పెడితే మాదకద్రవ్యాల మీద ప్రభుత్వ యుద్ధం, పేపరు తెరిస్తే అదే యుద్ధం. మార్చిలో పోలీసులు కుక్కల్ని తీసుకుని స్కూలుకొచ్చి లాకర్లన్నీ వెతికారు. డార్సీ కోటు జేబులో సగం కాల్చిన గంజాయి చుట్ట ఒకటి దొరికింది. స్కూలు కౌన్సిలరు ఒక రంగుల కాగితం ఆర్లీన్ చేతిలో పెట్టి, "ఇప్పుడు మెత్తబడ్డావంటే, ఏడాది తిరిగేసరికి దాని సమాధి మీద పూలు పెట్టుకుంటావు," అంది. మర్నాడే ఆర్లీన్ బట్టలు కొనిపెడతానని కూతుర్ని కారెక్కించి, ప్రోగ్రాం దగ్గర దింపి వచ్చింది.

పిల్లల చేత మత్తుమందులు మాన్పించే చోటది, అందరూ దాన్ని ప్రోగ్రాం అనే అనేవారు. ఒకప్పటి తివాచీల గోడౌను, కిటికీలు లేవు. పిల్లలు పొద్దుటి నుంచి రాత్రి దాకా నీలం ప్లాస్టిక్ కుర్చీల్లో వీపు ఆన్చకుండా కూర్చోవాలి. కొత్తవాళ్ళు బాత్రూంకి వెళ్ళాలన్నా పాతవాళ్ళెవరో వెనక నుంచి బెల్టు పట్టుకుని నడిపించాలి. తల్లిదండ్రులు రావడం శుక్రవారం సాయంత్రాలే. హాలుకి ఒక పక్క వాళ్ళు, రెండో పక్క పిల్లలు, మధ్యలో మైకు.

ఆ మైకులో ఒప్పుకున్నది జరిగినట్టే. అంతకుముందు జరక్కపోయినా సరే, ఒప్పుకున్నాక జరిగిపోయి ఉండేది. డిసెంబరులో మంచు పడితే ఎవరూ నోరెళ్ళబెట్టరు కదా, దీనికీ అంతే.

డార్సీ మొదట్లో "రెండుసార్లు కాల్చాను, అంతే," అంటూ వచ్చింది. డైరెక్టరు హాల్‌బర్ట్ నవ్వి, "రెండుసార్లంట," అనేవాడు మిగతా పిల్లలకేసి తిరిగి. వాళ్ళంతా ఒక్కసారిగా లేచి చేతులు విదిలిస్తూ ఆ పిల్ల మీద అరిచేవాళ్ళు. నిజం చెప్తేనే ఇంటికి పంపుతారు. నిజమెంతో హాల్‌బర్ట్‌కే తెలుసు.

మూడో నెలలో డార్సీ మైకు పట్టుకుని, "అమ్మమ్మ ఉంగరం ఎత్తుకెళ్ళి అమ్ముకుని మాత్రలు కొన్నాను," అంది. ఆర్లీన్ చూసుకుంటే వేలికి ఉంగరం లేదు. అప్పటిదాకా దాన్నే తిప్పుకుంటూ కూర్చుంది.

"అది పోయి ఏడాది దాటలేదూ?" అన్నాడు వెర్న్, తిరిగొచ్చేటప్పుడు కారులో.

సెప్టెంబరులో కుక్కకి మాత్రలు పెట్టి చంపానని ఒప్పుకుంది. ఇంటికెళ్ళేసరికి పెరట్లో గడ్డి మొలిచిన చిన్న దిబ్బ. ఆ సాయంత్రం బయల్దేరే ముందే ఆర్లీన్ ఆ కుక్కకి తిండి పెట్టి వచ్చింది.

ఈ సంగతి తరవాతి శుక్రవారం గ్లెండాతో అంది. గ్లెండా ఎప్పుడూ పక్క కుర్చీలోనే కూర్చునేది. ఆవిడ ఇల్లు ఆర్లీన్ బస్సు పద్నాలుగోసారి ఆగే వీధిలోనే. కొడుకు రస్ ప్రోగ్రాంలో చేరి ఏడాదిన్నర.

"మాకు కారు పోయింది, మా అత్తగారి వెండి పళ్ళేలు పోయాయి," అంది గ్లెండా బిస్కట్టు కాఫీలో ముంచుకుంటూ. "మొదట్లో నాకూ జరిగిందీ, వాడు ఒప్పుకున్నదీ రెండూ గుర్తుండేవి. కొన్నాళ్ళాగు, ఒప్పుకున్నదొక్కటే మిగులుతుంది. అదే హాయి."

"రస్ ఎలా ఉన్నాడు?"

"మత్తు సూదులు వాడానని ఒప్పుకున్నాడుగా, చేతుల నిండా మచ్చలే. కళ్ళు పసుపు పచ్చన. లివరు పాడైందన్నారు." బిస్కట్టు మెత్తబడి కప్పులో పడిపోయింది. "చిన్నప్పుడు టీకా వేయించడానికి నలుగురం పట్టుకోవాల్సి వచ్చేది వాణ్ణి. సూదంటే అంత... ఏమోలే. వేరే పిల్లాడేమో."

నవంబరు రెండో శుక్రవారం హాల్‌బర్ట్ గుమ్మంలోనే ఎదురొచ్చి వెర్న్ భుజం తట్టాడు. "ఇవాళ మీ అమ్మాయి అసలు సంగతి చెప్పబోతోంది. సూది సంగతి. ఒకసారి ఊపిరి ఆగిపోయేదాకా వెళ్ళిందట. అది బయటపడితే ఇంటికి ఎంతో దూరం లేదు."

వెర్న్ కళ్ళు తడయ్యాయి. "చూశావటే, దారికొచ్చింది."

ఆర్లీన్ ఎదుటి వరసలోకి చూసింది. డార్సీ నీలం కుర్చీ అంచున కూర్చుని పెదాలు కదుపుతోంది, పరీక్ష ముందు పద్యం అప్పజెప్పుకునే పిల్లలా. స్వెట్టరు చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. చేతులు తెల్లగా, నున్నగా ఉన్నాయి. ఒక్క గీత లేదు.

ముందు పెద్దవాళ్ళ వంతు. వాళ్ళూ తమ తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆర్లీన్ ఎప్పుడూ తల అడ్డంగా ఊపి మైకు పక్కవాళ్ళకి ఇచ్చేసేది. ఆ రోజు అడక్కుండానే లేచింది.

"ఎక్కడికే?" అన్నాడు వెర్న్.

ఆర్లీన్ వెళ్ళి మైకు అందుకుంది. మైకు చల్లగా ఉంది.

"నేను ఆర్లీన్‌ని. డార్సీ తల్లిని. నేను పిరికి తల్లిని," అంది. హాల్‌బర్ట్ మెచ్చుకోలుగా తలూపాడు. "మార్చిలో ఆ రోజు దీన్ని కారెక్కించుకుని ఇక్కడిదాకా వచ్చాను. ఇంజను ఆపలేదు. ఆపడానికి చెయ్యి రాలేదు. తల్లిగా చెయ్యాల్సిన పని చెయ్యలేకపోయాను. కారు వెనక్కి తిప్పేశాను. దార్లో ఇద్దరం ఐస్‌క్రీం తిని ఇంటికెళ్ళిపోయాం. నా కూతుర్ని నేను ఇక్కడ దింపలేదు."

"ఆర్లీన్, నువ్వంటే మాకు ప్రేమ," అంది హాలంతా అలవాటు ప్రకారం ఒక్క గొంతుతో.

"గట్టి మాట ఒప్పుకున్నావమ్మా," అని హాల్‌బర్ట్ చప్పట్లు కొట్టించాడు. తరవాత చేతిలో కాగితం చూసుకుని, ఒక పేరు చదవబోయి, నుదురు చిట్లించి, దాని కిందిది చదివాడు.

ఎదుటి వరసలో ఖాళీ అంటూ ఏమీ కనబడలేదు. వరసలో ఒక కుర్చీ తగ్గింది, అంతే. వెర్న్ కూర్చున్న చోట ఎవరిదో కోటు వేలాడుతోంది. ఆర్లీన్ మెల్లిగా తలుపు దాకా నడిచింది.

"మీకిక్కడ ఎవరున్నారండీ?" అని అడిగింది గుమ్మం దగ్గరి ఆడమనిషి, జాబితా తిరగేస్తూ.

"ఎవరూ లేరు," అంది ఆర్లీన్. మెట్లు దిగి కారెక్కింది.

ఇంట్లో అడుగు పెట్టగానే కుక్క కాళ్ళకి అడ్డం పడింది. వెర్న్ టీవీలో ఆట చూస్తున్నాడు. డార్సీ ఫోను తీగ మెడకి చుట్టుకుని మెట్ల మీద కూర్చుని ఎవరితోనో మాట్లాడుతోంది.

"ఇంతసేపా? తిండీ తిప్పలూ ఉన్నాయా ఈ ఇంట్లో?" అంది.

ఆర్లీన్ వెళ్ళి గట్టిగా పట్టుకుంది. పిల్ల జుట్టులో గంజాయి వాసన.

"అబ్బ, వదులమ్మా. ఏంటిది?"

"కాల్చావా?"

"ఊఁ. మధ్యాహ్నం. తిడతావా?"

చెంప మీద ఒకటి వెయ్యాలనిపించింది, ఏడవాలనిపించింది. "తిడతాను. ముందు తిను," అంది ఆర్లీన్, పొయ్యి వెలిగిస్తూ. ఆ పిల్లతో ఏం చెయ్యాలో అప్పటికీ తెలీదు. తిట్టుకుంటూ, బతిమాలుకుంటూ ఇద్దరూ ఈ ఇంట్లోనే తేల్చుకోవాలి.

శనివారం నిద్ర లేచేసరికి మార్చిలో తిన్న ఐస్‌క్రీం బాగా గుర్తుంది. డార్సీ స్ట్రాబెరీ తీసుకుంది, కారు సీటు మీద కారింది. ప్రోగ్రాంలో కుర్చీలు నీలమా, ఆకుపచ్చా అన్నది మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. గ్లెండా చెప్పిన హాయి అప్పుడే మొదలైపోయింది. ఆర్లీన్ కాఫీ కూడా తాగకుండా కారు తీసింది. ఎర్ర లైటు పడ్డ చోటల్లా, "రస్. గ్లెండా కొడుకు రస్. కళ్ళు పసుపు పచ్చన," అని పైకే అనుకుంటూ పోయింది.

గ్లెండా దోమతెర తలుపు వెనక నిలబడి ఎగాదిగా చూసింది.

"మిమ్మల్నెక్కడో చూశాను. బస్సు నడుపుతారు కదూ?"

"రస్ గురించి వచ్చాను."

"వాడు బాగుపడుతున్నాడు," అంది గ్లెండా వెంటనే. "మీకెవరున్నారు ప్రోగ్రాంలో?"

"ఇప్పుడెవరూ లేరు. నిన్న సాయంత్రం దాకా మా అమ్మాయి ఉండేది. మీ పక్కనే కూర్చునేదాన్ని. నిన్న మైకు ముందు నేనూ ఒక మాట ఒప్పుకున్నాను."

గ్లెండా తలుపు పిడి మీద చెయ్యి వేసింది. లోపల కాఫీ పొంగి పొయ్యి మీద చుర్రుమంది. ఆవిడ అటు వెళ్ళలేదు.

"వాడికి సూదంటే భయం," అంది చివరికి, చాలా మెల్లిగా. "నలుగురం పట్టుకునేవాళ్ళం."

"ఔను. మీరే చెప్పారు నాకు."

గ్లెండా తలుపు గొళ్ళెం తీసింది. "లోపలికి రా," అంది. "ఆ మైకు ముందు నువ్వేమన్నావో, ఒక్కో ముక్కా చెప్పు. రాసుకుంటాను."